కాళ్ళు చూసి ఇచ్చే సీటు

అక్కలకీ చెల్లెళ్ళకీ, నా క్లాసు వాళ్ళకీ ఒక మాట.

మన కబడ్డీ జట్టు గెలిచాక రాజోలు దగ్గర ఒక ప్రైవేటు హైస్కూలు వాళ్ళు మన హాస్టల్ పిల్లల్ని ఇద్దరిని అడిగారు. "మా బళ్ళో చేరండి, ఫీజు వద్దు, భోజనం మాదే" అన్నారట. వాళ్ళ అయ్యలు సంక్రాంతి తర్వాత వచ్చి ఏ సంగతీ చెప్పాలి. వెళ్ళమని సగం హాస్టల్, వద్దని సగం హాస్టల్. రాత్రి దీపాలు ఆర్పాక కూడా ఇదే వాదన. అందుకని నా అభిప్రాయం రాస్తున్నాను.

ఆట చూసి సీటు ఇవ్వడం తప్పని నేను అనను. ప్రవేశ పరీక్ష పెడితే ఎక్కువ మార్కులు ఎవరికి వస్తాయి? ఇంట్లో చదువు చెప్పేవాళ్ళు ఉన్నవాళ్ళకి. మా ఇంట్లో బడికి వచ్చింది నేనే మొదలు. మా అయ్య ఏ కాగితం మీదైనా వేలిముద్రే వేస్తాడు. కానీ కొండ ఎక్కి దిగడం, కట్టెల మోపుతో వాగు దాటడం మనకి ఏ ట్యూషనూ లేకుండా వచ్చాయి. "పరుగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు" అని సామెత. అది పాలు ఇంటికి వచ్చేవాళ్ళు చెప్పుకోవాలి. మనకి పరుగే మార్కు. ఆ మార్కు కూడా లెక్కలో వెయ్యాలి.

అయితే ఎలా లెక్క వేస్తున్నారో చూడాలి. హకీంపేట, కడప క్రీడా పాఠశాలల్లో 4వ తరగతిలో పిల్లల్ని తీసుకుంటారు. ఎత్తు, బరువు కొలుస్తారు. 30 మీటర్ల పరుగు, 800 మీటర్ల పరుగు, నిలబడి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం, షటిల్ రన్ పెడతారు. దేనికి ఎన్ని మార్కులో ముందే తెలుస్తుంది. ప్రైవేటు బడిలో అలా కాదు. ఎవరో ఒకరు ఒక్క మ్యాచ్ చూసి "ఈ పిల్ల కావాలి" అంటే అయిపోయింది. అలా ఒక్క మాటతో ఇచ్చిన సీటు ఇంకో మాటతో పోతుంది కూడా.

ఇంకో సంగతి. స్కూల్ గేమ్స్‌లో అండర్-14, అండర్-17, అండర్-19 అని జట్లు ఉంటాయి. 9, 10 తరగతుల వాళ్ళం ఎక్కువమందిమి అండర్-17 లోకి వస్తాం. వాళ్ళకి కప్పు కావాల్సిన ఏళ్ళే మనకి పదో తరగతి పరీక్ష ఏళ్ళు. కప్పు వస్తే బడి ఫ్లెక్సీ మీద ఫోటో వేస్తారు. మరి పోటీలకి తిరిగిన రోజుల పాఠాలు ఎవరు చెబుతారు?

చట్టం ఉంది కదా అని మా క్లాసులో ఒకరు అన్నారు. 2009 విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి. ప్రైవేటు బడి 1వ తరగతిలో 25 శాతం సీట్లు పేద పిల్లలకి ఇవ్వాలి, 8వ తరగతి దాకా ఉచితంగా చదివించాలి. మనం 9లో ఉన్నాం. మనకి ఆ చట్టం అండ లేదు. వాళ్ళు ఇచ్చే మాటే మనకి అండ. మాట కాగితం మీద లేకపోతే గాలిలో ఉన్నట్టే.

మా ఊరి వైపు అమ్మాయి ఒకతె ఇలాగే ఒక బడికి వెళ్ళింది. ఆ బడి పేరు నేను రాయను. ఖోఖోలో మోకాలు బెణికింది. రెండు నెలలు ఆడలేకపోయింది. తర్వాత ఫీజు కట్టమన్నారు. ఆమె ఇంటికి వచ్చేసింది, మళ్ళీ బడికి పోలేదు. దూరపు కొండలు నునుపు అంటారు. కొండ మీద పుట్టినవాళ్ళం, ఆ మాట మనకి ఒకరు చెప్పాలా?

పెద్ద ఆటగాళ్ళ సంగతి కూడా అడుగుతారు. మన పక్క అమలాపురం కుర్రవాడు సాత్విక్ సాయిరాజ్ 2014లో హైదరాబాద్ గోపీచంద్ అకాడమీకి వెళ్ళాడు. 2023లో ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్ బంగారు పతకం తెచ్చాడు. నిజమే. కానీ ఆయన నాన్నగారు వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఏది అడగాలో, ఏది ఒప్పుకోవాలో తెలిసిన పెద్దమనిషి అప్పుడు ఇంట్లోనే ఉండేవారు. ఇక మలావత్ పూర్ణ గిరిజన పిల్ల, నిజామాబాద్ వైపు ప్రభుత్వ గురుకులంలో చదివింది. భువనగిరి కొండ మీద శిక్షణ తీసుకుంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేటప్పటికి ఆమెకి 14 ఏళ్ళు ఇంకా నిండలేదు. ఎవరెస్ట్ ఎక్కడానికి ఆమెకి ప్రైవేటు బడి అవసరం రాలేదు.

కాబట్టి వెళ్ళొద్దని నేను చెప్పను. వెళ్ళే ముందు మూడు అడగాలి. ఒకటి, దెబ్బ తగిలి ఆడలేకపోయినా పదో తరగతి పూర్తయ్యే దాకా ఫీజు లేకుండా ఉంచుతారా? రెండు, పోటీలకి వెళ్ళిన రోజుల పాఠాలు మళ్ళీ చెబుతారా? మూడు, దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిది? ఈ మూడూ తెలుగులో రాసి, హెడ్మాస్టరు సంతకం పెట్టి ఇవ్వాలి. మన అయ్యలు వేలిముద్ర వేసే ముందు ఆ కాగితం మన వార్డెన్ మేడం చదివి వినిపించాలి. "రాసి ఇవ్వం" అంటే ఆ బడికి కావాల్సింది మన కాళ్ళే, మనం కాదు. అలాంటి చోటికి వెళ్ళకూడదు.

మన బడిని కూడా ఒకటి అడుగుతున్నాను. డ్రిల్లు పీరియడ్ లెక్కల టీచరు తీసుకోవడం ఆపాలి. గ్రౌండులో గడ్డి కోయించి, కబడ్డీ కోర్టుకి మట్టి వేయించాలి. ఇక్కడే ఆట, చదువు రెండూ బాగుంటే ఎవరో పిలిచారని పరుగెత్తే పని ఉండదు. వెళ్ళినా మన ఇష్టంతో వెళ్తాం.

ఇది నా అభిప్రాయం. తప్పనిపిస్తే ఎందుకు తప్పో రాసి పక్కన అంటించండి, చదువుతాను.

— 9వ తరగతి విద్యార్థిని