ఫార్మాట్ కొట్టించే ముందు వజహ్ అడగండి

మొన్న చందనవెల్లిలో మా చిన్న ఖాలా ఇంట్లో దావత్. తిని చేతులు కడుక్కుని కూర్చున్నానో లేదో, ఖాలా మనవరాలు లాప్‌టాప్ పట్టుకుని ఎదురుగా నిలబడింది. డిప్లొమా మొదటి సంవత్సరం చదువుతోంది. "మామూ, ఏ ఖరాబ్ హోగయా. దుకాణం ఆయన ఫార్మాట్ కొట్టి విండోస్ వేస్తానంటున్నాడు. ఎనిమిది వందలంట" అంది. ఎనిమిది వందల మాట విని లోపల్నుంచి ఖాలా గొణిగింది కూడా.

అది సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత మెషీన్. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 ఈ మెషీన్‌కి ఎక్కదు. అందుకని చుట్టాలబ్బాయి ఒకడు లినక్స్ మింట్ వేసిచ్చాడు. మంచి పని చేశాడు. పైసా ఖర్చు లేదు, దొంగ కాపీ అన్న బాధ లేదు. మన ఇళ్లల్లో ఇలాంటి పాత మెషీన్లు చాలా ఉన్నాయి, ఇప్పుడు లినక్స్ వైపు వచ్చేవీ ఉన్నాయి. అందుకే ఈ కిస్సా రాస్తున్నాను.

మసలా ఏమిటంటే, కాలేజీలో సీ లాంగ్వేజ్ ప్రాక్టికల్స్ మొదలయ్యాయి. కోడ్‌బ్లాక్స్ అనే సాఫ్ట్‌వేర్ కావాలి. మింట్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజర్ అని ఉంటుంది, ఫోన్‌లో ప్లే స్టోర్ లాంటిదే. పేరు వెతకాలి, ఇన్‌స్టాల్ నొక్కాలి. పిల్ల నొక్కింది. కాసేపు చక్రం తిరిగి ఒక చిన్న డబ్బా వచ్చింది, ఇంగ్లీషులో రెండు ముక్కలు. ఓకే నొక్కితే మాయం. మళ్లీ నొక్కితే మళ్లీ అదే. ఇరవై సార్లు నొక్కిందట.

"ఆ డబ్బాలో ఏం రాసి ఉంది బేటా?"

"పతా నై మామూ. ఓకే దబాదియా."

నాకు కోపం రాలేదు, నా చిన్నప్పటి ఉర్దూ మీడియం స్కూలు గుర్తొచ్చింది. ఇంగ్లీషు పేపర్‌లో తెలియని మాట కనిపిస్తే దాని మీంచి దూకేసేవాళ్లం. మా ఉస్తాద్ ఊరుకునేవారు కాదు. "పెహలే సవాల్ పఢో" అని వేలు పెట్టి చదివించేవారు. ఆ వేలు లేకపోతే నేను ఈ రోజు తెలుగులో వార్తలు రాసేవాణ్ణి కాదు.

అయితే తప్పంతా పిల్లదేనా? కాదు. సగం కసూర్ ఆ బటన్‌ని తయారు చేసినవాళ్లది. తహసీల్ ఆఫీసులో అర్జీ తిప్పి పంపి, ఎందుకో చెప్పకుండా "రేపు రా" అంటే మనం ఊరుకుంటామా? ఈ బటన్ చేసేది అదే. మీరు అడిగిన సాఫ్ట్‌వేర్ రావాలంటే వెనకాల నాలుగు పనులు జరగాలి. ముందు ఇంటర్నెట్‌లో ఉన్న గోదాం నుంచి సరుకుల జాబితా రావాలి. ఆ జాబితా మీద అసలైన మొహర్ ఉందా అని చూడాలి. మీరు అడిగిన సాఫ్ట్‌వేర్‌కి తోడు కావలసినవి ఏమిటో లెక్క కట్టి అన్నీ తేవాలి. ఆఖరికి విప్పి సర్దాలి. నాలుగింట్లో ఏది ఆగినా కొన్నిసార్లు బటన్ చూపించే మొహం ఒక్కటే. పని చేసేది మాత్రం బటన్ కాదు, దాని వెనక ఉన్న ఆప్ట్ అనే ప్రోగ్రామ్. దాన్ని నేరుగా అడిగితే ఉన్నదున్నట్టు జవాబు చెబుతుంది.

అడిగేది టెర్మినల్‌లో. ఆ నల్ల తెర తెరవగానే పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది, హ్యాకింగ్ అనుకుంది. "సుడో ఆప్ట్ అప్‌డేట్" అని కొట్టించాను. సుడో అంటే ఇజాజత్ అడగడం, ఇంటి పెద్ద అనుమతితో పని చేయడం లాంటిది. అందుకే పాస్‌వర్డ్ అడుగుతుంది. కొడుతుంటే తెర మీద అక్షరాలు కనిపించవు, చుక్కలైనా రాకపోవచ్చు. కీబోర్డు చెడిపోయిందనుకోకండి, అది ఓ రకం పర్దా.

గబగబా వరుసలు పడ్డాయి. చివర్లో ఒక మాట. వేలు పెట్టి చదవమన్నాను. రిలీజ్ ఫైలు "నాట్ వాలిడ్ యెట్". అంటే ఈ కాగితం ఇంకా చెల్లదు, చెల్లడానికి ఇంకా ఇన్ని రోజులు, ఇన్ని గంటలు ఉంది అని. గోదాం జాబితా మీద తేదీ వేసి ఉంటుంది. మెషీన్ దృష్టిలో అది రాబోయే కాలం నాటి కాగితం. మరి మెషీన్ ఏ కాలంలో ఉంది? తెర మూల చూశాం. గడియారం నెలల వెనకాల ఉంది.

పాత లాప్‌టాప్‌ల లోపల గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది, చాలావాటిలో సీఆర్2032 అనే బిళ్ల. అది చచ్చిపోయి, పెద్ద బ్యాటరీ కూడా పూర్తిగా దిగిపోతే మెషీన్ తేదీ మరిచిపోతుంది. నెట్ నుంచి సమయం తనంతట తాను సరిచేసుకునే సెట్టింగ్‌ని ఎవరో ఆపేశారు. కొన్ని రోజులుగా బ్రౌజర్ కూడా కొన్ని సైట్లు తెరవనంటోందట. ఇంట్లో అందరూ హాట్‌స్పాట్‌ని తిట్టుకుంటున్నారు. సెట్టింగ్ ఆన్ చేశాం, తేదీ సరైంది. అప్‌డేట్ మళ్లీ నడిపించాం. ఆ తర్వాత పిల్ల వెళ్లి అదే పాత బటన్ నొక్కింది. కోడ్‌బ్లాక్స్ వచ్చేసింది.

ఈ మసలాకి ఫార్మాట్ కొట్టిస్తే ఏమయ్యేది? ఎనిమిది వందలు పోయేవి. స్కాలర్‌షిప్ కోసం దాచిన నకళ్లు, ఫోటోలు పోయేవి. ఆడపిల్ల లాప్‌టాప్ రెండు రోజులు పరాయివాళ్ల దగ్గర ఉండేది. బిళ్ల మాత్రం అలాగే ఉండేది, కొత్త విండోస్ కూడా మళ్లీ తేదీ మరిచిపోయేది.

గడియారం ఒక్కటే కారణమని కాదు. నేను తరచూ చూసేది తాళం. వెనకాల మెషీన్ తనంతట తాను అప్‌డేట్ చేసుకుంటూ ఉంటే, రెండో పని లోపలికి రాకుండా తాళం వేసుకుంటుంది. "కుడ్ నాట్ గెట్ లాక్" అంటుంది. చాయ్ తాగి రండి, అదే తెరుచుకుంటుంది. ఆ తాళం ఫైలునే చెరిపేయమని వీడియోల్లో చెప్పే మహానుభావులున్నారు, వినకండి. మధ్యలో కరెంటు పోయి పని సగంలో ఆగితే "సుడో డీపీకేజీ కాన్ఫిగర్ ఏ" లాంటి ఆదేశం ఇవ్వమని తనే చెబుతుంది. తెర మీద చూపించినట్టే అక్షరం పొల్లుపోకుండా కొట్టాలి. డిస్క్ నిండిపోయినా అది కూడా చెబుతుంది. చదివేవాళ్లు కావాలి అంతే.

ఒక దోస్త్ అన్నాడు: "యార్, మామూలు జనానికి ఈ నల్ల తెర ఎందుకు? ఫోన్‌లో లాగా అన్నీ నొక్కగానే రావాలి." సగం ఒప్పుకుంటాను. మా ఖాలా నేర్చుకోవాలని నేననను. కానీ ఈ పిల్ల ఉంటున్న ఊరు ఏదో చూడండి. అమెజాన్ 2022 నవంబర్‌లో హైదరాబాద్ రీజియన్ మొదలుపెట్టింది. దాని డేటా సెంటర్లలో ఒకటి చందనవెల్లిలోనే ఉంది. మైక్రోసాఫ్ట్ కూడా ఇక్కడికి వచ్చింది. క్లౌడ్ సర్వర్లలో అధిక భాగం నడిచేది లినక్స్ మీద. తన అజూర్‌లో కూడా సగానికి పైగా లినక్సేనని మైక్రోసాఫ్టే చెప్పుకుంది. ఆ సర్వర్ల మీద పనిచేసే ఇంజనీర్లు ఎక్కువగా ఆదేశాలు కొట్టే పని చేస్తారు. ఉబుంటు సర్వర్ అయితే మా పిల్ల భయపడ్డ అదే ఆప్ట్.

ఆ పారిశ్రామికవాడలోకి మా చుట్టాల పిల్లలు కూడా వెళ్తున్నారు, గేటు దగ్గర, హౌస్‌కీపింగ్‌లో, డ్రైవింగ్‌కి. హలాల్ కమాయి, అందులో చిన్నతనం లేదు. కానీ ఊరి భూమి మీద నిలబడ్డ భవనంలో ఏ భాష నడుస్తోందో ఊరి పిల్లలకి తెలియకపోతే, ఎప్పటికీ గేటు దాకానే. మన బస్తీల్లో వేసవి కంప్యూటర్ క్లాసులు పెడతారు. ఎంఎస్ ఆఫీస్, టాలీ నేర్పుతారు. ఎర్రర్ మెసేజ్ చదవడం నేర్పిన క్లాసు ఇంతవరకు నేను చూడలేదు. దానికి పైసలు కూడా అక్కర్లేదు, పాత మెషీన్ ఒకటి చాలు. కేరళ ప్రభుత్వ బడుల పిల్లలు ఏళ్ల నుంచి లినక్స్ మీదే చదువుకుంటున్నారు, మనవాళ్లకి ఏం తక్కువ?

జబాన్ అడ్డమంటారా? నిజమే, మెసేజ్‌లు ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగులోకి తెచ్చే పని హైదరాబాద్‌లోని స్వేచ్ఛ వాళ్లు చేశారు, తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేశారు, వాళ్లంటే నాకు ఇజ్జత్. ఒక్క షికాయత్ మాత్రం కంప్యూటర్ తెలుగు మొత్తం మీద ఉంది. పాస్‌వర్డ్‌ని సంకేతపదం, ఇన్‌స్టాల్‌ని సంస్థాపన అంటే మా పిల్ల ఇంగ్లీషే నయమంటుంది. అదే తెలుగు తెరల మీద క్యాన్సిల్‌కి "రద్దు" అని ఉంటే ఎవరూ తడబడరు. అరబ్బీ నుంచి వచ్చి తెలుగైపోయిన మాట అది. తాళం, మొహర్, ఇజాజత్, గోదాం అని నేను చెబితే పిల్లకి పది నిమిషాల్లో అర్థమైంది.

చేవెళ్లలో బిళ్ల బ్యాటరీ కొని ఇచ్చి వచ్చాను. పోయిన వారం వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. నల్ల తెర, దాని కింద తను రాసిన మాట: "డిస్క్ నిండింది అంటోంది మామూ, ఏం తీసేయను?" సినిమాలు తీసేయమన్నాను. అవి భాయ్‌జాన్‌వంట, ముట్టుకోనివ్వడంట.