తండ్రి బండికి క్రొత్త ఛాసిస్



గత నెలలో ఒక రైతు కుటుంబమువారు మా యింటికి వచ్చి ఒక సంగతి అడిగారు. వారి తాతగారు నడిపిన పాత జీపు ఒకటి చావిడిలో పడియున్నది. బాడీ ఫరవాలేదు గాని, క్రింది ఛాసిస్ తుప్పు తిని రెండుచోట్ల విరిగింది. పట్టణములో తుక్కు వ్యాపారి వద్ద తరువాతి కాలపు జీపు ఛాసిస్ దొరుకుతున్నదట. "దానిమీద తాతగారి బాడీ ఎక్కిస్తే తప్పేమిటండీ?" అని పెద్దబ్బాయి అడిగాడు. తల్లిగారు మాత్రం, "అప్పుడది మామయ్యగారి జీపు ఎలా అవుతుందయ్యా?" అన్నది.

మేము మెకానిక్కులము కాము. అయితే సరిగ్గా ఇదే పని, ఇదే తగవు, మేము ఒకచోట కన్నులార చూచాము. దానినే ఈ నెల మీతో చెప్పదలచాము.

2019 వేసవిలో మా సంఘపు పెద్ద ఒకరి కుమార్తె కుటుంబమును చూడడానికి అమెరికాలోని ఒహాయో రాష్ట్రమునకు వెళ్ళాము. వారి ప్రక్కనే డెబ్బై యేండ్ల రైతు ఒకాయన ఉన్నాడు. ఆయన షెడ్డులో 1950 నాటి షెవర్లే పికప్ ట్రక్కు ఉన్నది. 1947 నుండి 1955 తొలి నెలల వరకు ఆ కంపెనీ చేసిన గుండ్రని బానెట్ బండ్లలో అది అర టన్ను రకము, 3100 అనే పేరు గలది. ఆయన తండ్రి దానిమీదనే మొక్కజొన్నలు మోశాడు, పిల్లలను బడికి దింపాడు.

ఆ రాష్ట్రములో చలికాలమున మంచు కరుగుటకు రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు ఇనుమును తినివేస్తుంది. ఈ ట్రక్కు ఛాసిస్ వెనుక కమాన్ కట్టలు బిగించే చోట తుప్పుతో పొరలు పొరలుగా ఊడుతున్నది. బ్రేకుల సంగతి మరింత ఆలోచింపదగినది. ఆనాటి ఆ బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. బ్రేకు నూనె అంతా ఒకే దారిలో పోతుంది. ఒక్క గొట్టము చిట్లిందా, నాలుగు చక్రాల బ్రేకులూ ఒక్కసారిగా పోతాయి. ఆయన మనుమరాలు ఆ బండిలోనే డ్రైవింగు నేర్చుకొంటానని పట్టుబట్టింది. ఆయనకు నిద్రపట్టనిది అందుకే.

కాబట్టి ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. అదే కంపెనీ 1982 నుండి 2004 వరకు ఎస్-10 అనే చిన్న పికప్పులు చేసింది. వాటి ఛాసిస్ మీద పాత ట్రక్కు బాడీ ఎక్కించడము అమెరికాలో చాలామంది చేసే పనియే. ఉప్పు ఎరుగని పొడి ప్రాంతమునుండి 1997 నాటి ఎస్-10 ఒకటి తెప్పించాడు. చెట్టు కూలి దాని క్యాబిన్ నలిగింది గాని ఛాసిస్ చెడలేదు. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, బ్రేకు నూనెకు రెండు వేరు వేరు దారులు, పవర్ స్టీరింగు దానికి ఉన్నాయి.

ఎందుకు ఆ బండియే? కొలత కుదురుతుంది గనుక. పాత ట్రక్కు ముందు ఇరుసుకు, వెనుక ఇరుసుకు నడుమ 116 అంగుళాలు. పొడుగు తొట్టి గల ఎస్-10 కు ఇంచుమించు 118. ఆ రెండంగుళాల తేడా చిన్నదే గాని, వదిలేస్తే వెనుక చక్రము మడ్‌గార్డు నడుమ నిలువక ఒక ప్రక్కకు జరిగినట్టు కనబడుతుంది. చక్రాల వెడల్పు కూడా క్రొత్తదానికి ఇరుకే. తొందరపడినవారు ఈ రెండింటి దగ్గరే చిక్కుకుంటారని ఆయన చెప్పాడు.

ఆయన పనితీరు మాకు నచ్చింది. ముందుగా ఛాసిస్‌ను మూల నుండి ఎదుటి మూలకు కొలిచాడు. రెండు కొలతలూ సమానమైతేనే అది వంకరపోలేదని అర్థము. తరువాత తుప్పుపట్టిన క్యాబిన్ నేలరేకు కోయబోయే ముందు తలుపుల సందులలో ఇనుప గొట్టాలు అడ్డముగా అతికించాడు. ఎందుకని అడిగాము. "నేల తీసేస్తే క్యాబిన్ పిండిబొమ్మలా సాగుతుంది పాస్టరుగారూ, తరువాత ఏ తలుపూ మూసుకోదు" అన్నాడు. మరమ్మతు ముగిసినాక క్యాబిన్, బానెట్, మడ్‌గార్డులు, తొట్టి అన్నీ ఊరకే ఛాసిస్‌పై నిలబెట్టి, దూరమునుండి చూచి, జరిపి, మరల కొలిచి, అప్పుడే బిగింపు దిమ్మెలు వెల్డింగు చేశాడు. ఆ దిమ్మెల నడుమ రబ్బరు వేయవలెను, లేనియెడల ప్రతి గుంతా క్యాబిన్‌ను చీలుస్తుంది. పాత బండి వైర్లు 6 వోల్టులవి, క్రొత్త ఇంజను 12 వోల్టులది గనుక వైరింగు మొత్తము మార్చవలసి వచ్చింది.

ఇంతవరకు బాగుగానే ఉన్నది. అయితే ఆయనకు ఆరేండ్లు పెద్దయైన అన్న ఉన్నాడు. పని మొదలైనప్పటినుండి ఆయన ఆ షెడ్డు గడప తొక్కలేదు. మేమున్న దినములలో ఒక సాయంకాలము మాత్రము వచ్చాడు. గోడకు ఆనించిన పాత ఛాసిస్ వైపు చూచి, "నాన్న బరువు మోసినది అదిగో, అక్కడ ఉన్నది. దీనిమీద ఉన్నది నాన్న చొక్కా మాత్రమే" అన్నాడు.

తమ్ముడు, "మరి నాన్న మునిమనుమరాలిని ఆ బ్రేకులమీద పంపమంటావా?" అని అడిగాడు.

"నేను అలా అనలేదు. పాత ఛాసిస్‌నే అతికి, దానికే మంచి బ్రేకులు పెట్టించి ఉండవచ్చునన్నాను. నీకు అది కష్టమనిపించింది. సరే. కాని రేపు మనమిద్దరమూ పోయినాక ఎవరో దీనిని 1950 నాటి అసలు బండియని అమ్ముతారు. ఆ అబద్ధము మన తండ్రి పేరుమీద నడుస్తుంది."

ఆ మాటకు తమ్ముడు చాలాసేపు జవాబివ్వలేదు. మేమును మాటలాడలేదు. ఇద్దరూ న్యాయమే పలికారు. ఒకరికి బ్రతికియున్న బిడ్డ క్షేమము, మరొకరికి తండ్రి పేరు. ఇట్టి చోట తీర్పు చెప్పబోయేవాడు తొందరపడకూడదు.

ఆ రాత్రి తమ్ముడు ఏమి ఆలోచించాడో గాని, మరునాడు మూడు పనులు పెట్టుకొన్నాడు. మొదటిది, తలుపు స్తంభముమీద ఉన్న పాత నంబరు రేకును కదిలించలేదు, క్రొత్త ఛాసిస్ నంబరును చెరపలేదు. అక్కడ ఆ నంబర్లను అక్రమముగా తీయడము, మార్చడము నేరము. ఏ నంబరుమీద రిజిస్టరు చేయవలెనో రాష్ట్రమునకొక పద్ధతి ఉన్నది గనుక, రసీదులు, ఫోటోలు పట్టుకొని వెళ్ళి చేసినదంతా కార్యాలయములో చెప్పాడు. రెండవది, ఏది పాతదో ఏది క్రొత్తదో ఒక కాగితముమీద వ్రాసి, సంతకము పెట్టి, డాష్‌బోర్డు అరలో అంటించాడు. మూడవది, తండ్రి ఛాసిస్‌ను తుక్కుకు అమ్మక, నూనె రాసి షెడ్డు దూలాలకు వ్రేలాడదీశాడు. ఎన్నడైనా ఎవరైనా ఓపికతో దానిని బాగుచేయదలిస్తే, బాడీని మరల దానిమీదికి దించవచ్చును.

2021 చివర ఆ అమ్మాయి కుటుంబమువారు మా ఫోనుకు ఒక వీడియో పంపారు. మనుమరాలు నడుపుతున్నది, ప్రక్కన పెద్ద తాత కూర్చున్నాడు. దిగేటప్పుడు, "ఇది నాన్న ట్రక్కు కాదు" అన్నాడట. కొంచెము ఆగి, "సీటు మాత్రము నాన్నదే" అన్నాడట.

ఇప్పుడు మన జీపు సంగతికి వద్దాము. అక్కడ చెల్లినది ఇక్కడ చెల్లదు. మన దేశములో ఛాసిస్ నంబరే బండికి గుర్తింపు, ఆర్.సి. పుస్తకములో ఉండేది అదే. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారుడు చెప్పిన వివరములకు భిన్నముగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సంగతినే గట్టిగా చెప్పింది. 2021లో వచ్చిన వింటేజి బండ్ల నియమములలోను, ఏబది యేండ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చక అసలు రూపములో ఉన్నవాటికే ఆ గౌరవము ఇచ్చారు. తుక్కు దుకాణములో కొన్న ఛాసిస్ ఎవరిదో, ఏ కేసులో ఉన్నదో కూడా మనకు తెలియదు. రేపు ప్రమాదము జరిగితే ఇన్సూరెన్సు వద్ద చిక్కు వస్తుంది. నష్టపోయేది ఎదుటి యింటివారు కూడా.

అందుచేత ఆ కుటుంబమునకు మేము ఇచ్చిన సలహా ఇది. ముందుగా ఆర్.టి.ఓ. కార్యాలయములో అడగండి, వ్రాతపూర్వకముగా అనుమతి లేకుండా ఒక్క బోల్టు కూడా విప్పవద్దు. తాతగారి ఛాసిస్‌నే మంచి పనివానికి చూపించండి. విరిగిన చోట ఏదో రేకు అతికించి మూసివేయనీయకండి, తుప్పును మంచి ఇనుము వరకు కోసి అంతే మందము గల ఇనుము వేయించండి. బ్రేకులు సరిగా లేని బండిలో బిడ్డలను ఎక్కించవద్దు. ఇవేవీ కుదరనిచో, జీపును చావిడిలోనే శుభ్రముగా ఉంచి, మనుమలకు చూపించి తాతగారి కథ చెప్పండి. నిలిచియున్న బండి కూడా ఆ కథ చెప్పగలదు.

పెద్దబ్బాయి ఇంకను ఆలోచిస్తున్నాడు. తల్లిగారు మాత్రం ఆ వారమే జీపుమీద కప్పిన గోనెపట్టాలు తీసి, సీటు దులిపి, ఎండకు పెట్టినది.