హారన్ ఎవరి మీద మోగుతుంది?

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకుంటూ సాగుతుంది. వానలు పడితే రెండు పక్కలా నీళ్లు, ఎండాకాలంలో పగుళ్లు తేలిన ఉప్పునేల. పక్కకు తప్పుకోవడానికి చోటు బహు తక్కువ. రాకెట్ ఎగిరే రోజున, ఫ్లెమింగోలు దిగే చలికాలపు సెలవుల్లో ఈ దారి నిండా ఖరీదైన కార్లే. నడిదారిలో ఆపి తలుపులు బార్లా తెరిచి ఫొటోలు దిగేవారిని, ఎదుటివాడి కళ్లు చీకట్లు కమ్మేలా లైట్లు వేసేవారిని, సైకిల్ మీద చేపల బుట్టతో పోయే మనిషిని హారన్‌తోనే రోడ్డు దింపేవారిని ఎన్నోసార్లు చూశాను.

దీన్ని మర్యాద తెలియని డ్రైవింగ్ అని సరిపెట్టుకోవడం నాకు సాధ్యం కావడం లేదు. ఆ సైకిల్ మనిషి తరచుగా యానాది, కాకుంటే దళితవాడవాడు. అతణ్ణి దింపిన కారు వెనుక అద్దం మీద కొన్నిసార్లు పెద్దక్షరాలతో ఒక కులం పేరు. 1969లో అంతరిక్ష కేంద్రం కోసం దీవిని తీసుకున్నప్పుడు ఊళ్లు వదిలినవారిలో యానాదులున్నారు. ఇప్పుడు వారు రోడ్డు అంచు కూడా వదలవలసి వస్తున్నది.

మన దేశంలో దారి ఏనాడూ అందరిదీ కాదు. 1893లో అయ్యంకాళి విల్లుబండి ఎక్కి తిరువాన్కూరు రాజవీధిలో తిరగడమే ఒక తిరుగుబాటు అయింది. 1929లో చాలీస్‌గావ్‌లో అంబేడ్కర్‌ను ఎక్కించుకోవడానికి టాంగావాళ్లు నిరాకరించారు. అప్పటికే ఆయన బారిస్టరు. బండి తోలడం రాని తన కులస్థుడే పగ్గాలు పట్టవలసి వచ్చింది. బండి అదుపు తప్పి ఆయన రాళ్లపై పడ్డారు, కాలు విరిగింది.

బహుజన కుటుంబంలో పుట్టి కారు కొన్నవాడూ అదే హారన్ కొడుతున్నాడు కదా, ఇందులో కులమెక్కడిది అని ఒక మిత్రుడు ప్రశ్నించారు. కొడుతున్నాడు, నిజమే. ఎవరిని తోసేస్తే అడిగే దిక్కుండదో కారు కొనకముందే అతనికి తెలుసు. ఆ తెలివి షోరూములో ఇచ్చింది కాదు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది పాదచారులు. ప్రభుత్వ నివేదిక మృతులను వయసును బట్టి, లింగాన్ని బట్టి, వాహనాన్ని బట్టి విడదీస్తుంది, కులాన్ని మాత్రం అడగదు. గుద్ది పారిపోయిన కేసుల్లో మరణిస్తే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేల రూపాయలు పరిహారమని 2022 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. ఆధార్ కార్డుకే నోచుకోని యానాది కుటుంబం ఆ దరఖాస్తు దాకా ఎలా చేరుతుందో అధికారులే చెప్పాలి.

చట్టాలకు కొదవ లేదు. కారు అద్దాలకు నల్ల ఫిల్మ్ వద్దని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. 2025 సెప్టెంబరులో అలహాబాద్ హైకోర్టు తీర్పు తర్వాత ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం వాహనాలపై కుల నామాలను నిషేధించింది. మన తెలుగు రాష్ట్రాలు కూడా అలాంటి ఉత్తర్వు ఇవ్వవచ్చు, ఖర్చేమీ లేదు. పులికాట్ దారిలో వేగానికి పరిమితి పెట్టి, నడిరోడ్డున కారు ఆపినవారికి అక్కడికక్కడే జరిమానా వేయవచ్చు. ప్రయోగం రోజున కార్లకు దారి ఇప్పించే పోలీసులు చేపల బుట్ట సైకిల్‌కూ దారి ఇప్పించాలని తిరుపతి జిల్లా యంత్రాంగాన్ని అడుగుతున్నాను.