ఇన్‌ఫ్లుయెంజా - గృహస్థుల కర్తవ్యము

వానకాలము ప్రవేశించిన పిదప రామన్నపేటలో ఏ వీథికి పోయినను దగ్గు వినవచ్చును. "జ్వరమెవ్వరికి లేదు? మూడు దినములుండి అదియే పోవును" అని చెప్పుకొనుట మనకు వాడుకయైనది. జ్వరము పోవుట నిజమే. కాని యొకరిని విడిచిన జ్వరము వేఱొకరిని చేరుచున్నది. పిల్లవానితో బయలుదేరి, తల్లికంటి, తుదకు ముసలమ్మను బలిగొనిన జ్వరములను మనమెఱుగమా? కావున దీనిని తేలికగా విడుచుట తగదని మా యభిప్రాయము.

1918 జూన్ నెలలో బొంబాయి రేవున కనిపించిన ఇన్‌ఫ్లుయెంజా, ఆ సంవత్సరాంతమున రెండవమారు విజృంభించి, రైలు దారుల వెంట దేశమంతయు వ్యాపించెను. భారతదేశమున కోటికి మించిన ప్రాణములు పోయినవని చరిత్రకారుల యంచనా. 1911లో సుమారు 1 కోటి 34 లక్షలుగా నుండిన నిజాము రాజ్యపు జనసంఖ్య 1921 నాటికి సుమారు 1 కోటి 25 లక్షలకు దిగజారెను. కఱవును ప్లేగును తోడైనను, ఈ జ్వరము చేసిన నష్టము సామాన్యము కాదు. దేశమున మృతులైనవారిలో పురుషులకంటె స్త్రీలే హెచ్చని నాటి యధికారులు గుర్తించిరి. ఇందు వింత లేదు. గాలి చొరని గదిలో రోగుల నడుమ నుండి యుపచారము చేయునది స్త్రీ. తనకు జ్వరము వచ్చినను పొయ్యి కడనుండి లేవలేనిదియు స్త్రీయే.

ఆనాడు రోగకారణమే తెలియదు. మనుష్యులకు సోకు ఈ వైరస్‌ను శాస్త్రజ్ఞులు కనుగొన్నది 1933లో. నేడు కారణము తెలిసినది. మందు కలదు, టీకా కలదు. అయినను 2009 మే నెలలో స్వైన్ ఫ్లూ మన దేశమున మొదట హైదరాబాదులోనే బయటపడినపుడును, 2015 ఆరంభమున తెలంగాణమున మరల చెలరేగినపుడును, జనులలో భయము హెచ్చుగను, జాగ్రత్త తక్కువగను కనబడెను. భయము నెలదినములలో చల్లారును, జాగ్రత్తయే నిలువవలసినది.

ఈ జ్వరమును గుర్తించుట కష్టము కాదు. పడిసెము మెల్లగా వచ్చును. ఇది హఠాత్తుగా వచ్చును. ఉదయము పనికి పోయినవాడు సాయంకాలమునకు చలితో, ఒళ్లు నొప్పులతో, తలనొప్పితో, పొడిదగ్గుతో మంచము పట్టును. సోకిన రెండు దినములకు సామాన్యముగా లక్షణములు పొడసూపును. అంతకు ముందుదినము నుండియే యితరులకు అంటుకొన మొదలై, తరువాత నైదాఱు దినములు అంటుచుండును. ఊపిరాడకపోవుట, రొమ్ము నొప్పి, పెదవులు నీలివర్ణమగుట, మాట తడబడుట, తగ్గిన జ్వరము మరల తిరుగబెట్టుట, బిడ్డ పాలు మానుట - వీనిలో నేది కనిపించినను క్షణమాగక ఆసుపత్రికి పోవలయును. గర్భిణులు, వృద్ధులు, పసిబిడ్డలు, మధుమేహము, ఉబ్బసము కలవారు ఈ లక్షణములకై వేచియుండరాదు. వైరస్‌పై పనిచేయు మందు మొదటి రెండు దినములలో నిచ్చిననే మిక్కిలి గుణము. సూదిమందు వేయించుకొన్నగాని తృప్తిలేని మన యలవాటును మానవలెను. యాంటిబయాటిక్ మందులు ఈ వైరస్‌ను చంపజాలవు. పిల్లలకు ఆస్పిరిన్ ఈయరాదు.

రోగిని వేఱుగదిలో నుంచుడని వైద్యులు చెప్పుదురు. మగ్గము, పొయ్యి, మంచము నొక్క గదిలోనే యున్న చేనేత యింటివా రేమి చేయవలెనని ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. గది లేనిచోట కిటికీ తెఱవవచ్చును. మంచమును వాకిటి పంచకు జరుపవచ్చును. రోగికి చెంబు, తువాలు వేఱుగ నుంచవచ్చును. రోగియు, ఉపచారము చేయువారును ముక్కు నోరు గుడ్డతో కప్పుకొనవచ్చును. ముట్టిన ప్రతిసారి సబ్బుతో చేతులు కడుగుకొనవచ్చును. ఉపచారమును అందఱు చేయక ఆరోగ్యవంతుడైన యొక్కరే చేయవచ్చును. ఆ యొక్కరు స్త్రీయే కావలెనన్న శాస్త్రమేదియు లేదు. రోగిని ఎడముగ నుంచుట ప్రేమలేమి యని పెద్దలు నొచ్చుకొందురు. తన రోగమును మనుమని కంటింపకుండుటయు ప్రేమయే యని వారికి నచ్చజెప్పవలయును. తల్లి మాత్రము ముఖమునకు గుడ్డ కట్టుకొని బిడ్డకు పాలీయవచ్చును.

ప్రభుత్వమునకును మా మాట యొకటి. ఏటేట వేయించుకొనవలసిన ఈ టీకా సార్వత్రిక టీకా కార్యక్రమమున చేరలేదు. కొని వేయించుకొను శక్తి మగ్గము నమ్మినవానికిని, కూలినాలి చేయువానికిని ఎక్కడిది? గర్భిణులకు, వృద్ధులకు, దీర్ఘరోగులకైనను మండల ఆసుపత్రులలో వానకాలమునకు ముందే దీనిని ఉచితముగ నిచ్చుట ధర్మము.

ప్రభుత్వము కదలునంతవఱకు మనము చేతులు ముడుచుకొని యుండనక్కఱలేదు. చదువనేర్చినవారు ఈ సంగతులను పఠనమందిరమున చదివి వినిపించి, తమ వీథిలో పదియిండ్లకు తెలుపుదురుగాక. అంతకు ముందు తమ యింటిలో దగ్గుచు వంట చేయుచున్న యిల్లాలిని నేడే విశ్రమింపజేయుదురుగాక.