అమ్మ కంచంలో కూర

చెవిటికల్లులో మిరపకోతలు మొదలయ్యాయంటే ఆడవాళ్లు తెల్లవారకముందే లేస్తారు. ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, పిల్లల్ని బడికి తయారుచేసి, క్యారేజీ కట్టుకుని కూలికి కదులుతారు. క్యారేజీ నిండా అన్నమే. పైగిన్నెలో పచ్చడి, ఉంటే కాస్త పప్పు. రాత్రికి అందరూ తిన్నాక కూరగిన్నె అడుగున ఏం మిగిలితే అది. కృష్ణ ఒడ్డునున్న ఈ ఒక్క ఊరే కాదు, కంచికచర్ల నుంచి నందిగామ మీదుగా జగ్గయ్యపేట దాకా మెట్ట పల్లెల్లో చాలా ఇళ్ల తీరు ఇదే. ఆరోగ్యం, బరువు అంటూ మాట్లాడుకునేటప్పుడు ఈ క్యారేజీని మరిచిపోకూడదని మా మనవి.

ఎవరైనా లావైతే తిండి ఎక్కువైందని, పని తగ్గిందని చటుక్కున అనేస్తాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఆ మాట అంత తేలిగ్గా నోటికి రాదు. మన రాష్ట్రంలో అధిక బరువున్న మహిళలు 36 శాతం. మగవాళ్లలో 31 శాతం. అదే సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత. ఈ రెండూ ఒకే మనిషిలో కనిపించడం అరుదేమీ కాదు. కడుపు నిండుతోంది, ఒళ్లు పెరుగుతోంది, ఒంటికి కావలసింది మాత్రం అందడం లేదు. అలాంటి మహిళను ‘తక్కువ తిను’ అని మందలిస్తే ఏం లాభం? ఆమె కంచంలో తగ్గింది కూర, పప్పు, గుడ్డు.

ఈ మెట్టలో ఒకప్పుడు జొన్నే ప్రధానాహారం. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదలడం, 1983లో రెండు రూపాయల కిలో బియ్యం రావడం ఇక్కడి కంచాన్ని మార్చేశాయి. ఆ మార్పును తప్పుపట్టలేం. పండగనాడు మాత్రమే వరన్నం చూసిన ఇళ్లకు అది రోజూ దొరకడం చిన్న సంగతి కాదు. ఆకలి తీర్చిన బియ్యాన్ని నిందించే హక్కు ఎవరికీ లేదు. కాకపోతే అన్నం వచ్చి, మిగతావాటి చోటు కూడా తనే ఆక్రమించింది. జొన్న చేలు పోయి పత్తి, మిర్చి వచ్చాయి. ఇంటి వెనక తోటకూర మడి, కందిచేల గట్ల మీద గోంగూర కూడా తగ్గాయి.

ఇప్పుడు చిరుధాన్యాల మీద మళ్లీ మోజు పుట్టింది, మంచిదే. అయితే జొన్న తింటే చాలు, బరువు దానంతటదే దిగుతుందన్న భ్రమ వద్దు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల ప్రకారం వంద గ్రాముల జొన్నల్లో సుమారు 334 కిలో కేలరీలుంటే, బియ్యంలో 356. పెద్ద తేడా లేదు. తేడా పీచులో ఉంది: జొన్నలో 10 గ్రాములు, తెల్లబియ్యంలో మూడు గ్రాములకు లోపే. అందుకే జొన్నరొట్టె రెండు తింటే పొట్ట నిండినట్టుంటుంది.

ఆ సంస్థే 2024 మేలో విడుదల చేసిన మార్గదర్శకాల్లో రెండు వేల కేలరీల రోజువారీ కంచాన్ని చూపించింది. బియ్యమైనా గోధుమైనా జొన్నైనా కలిపి 250 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు 400. పప్పులు, గుడ్డు, మాంసం కలిపి 85. నూనె 27 గ్రాములు మించొద్దు. అంటే ధాన్యం కంటే కూరలే ఎక్కువన్న మాట. మన ఇళ్లలో సరిగ్గా దీనికి తిరగేసి వడ్డిస్తున్నాం.

బరువు తగ్గాలనుకునేవారికి అదే సంస్థ చెప్పే వేగం వారానికి అరకిలో. నెలలో పది కిలోలంటూ ఊరించే ప్రకటనలను నమ్మి ఉపవాసాలతో ఒంటిని హింసించుకోవద్దు. గ్రామంలో ఆశా కార్యకర్త టేపుతో నడుం కొలుస్తానంటే సిగ్గుపడకుండా కొలిపించుకోవాలి. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటితే సుగరు, బీపీ ముప్పు పెరుగుతున్నట్టే. త్రాసు ముల్లు చూడడం కంటే ఇది ఎక్కువ చెబుతుంది.

ఇంతా చెప్పి భారమంతా ఆ తల్లి మీదే వేయడం అన్యాయం. చౌకదుకాణంలో తలకు ఐదు కిలోల చొప్పున నలుగురున్న ఇంటికి నెలకు 20 కిలోల బియ్యం ఇస్తున్నారు. కందిపప్పు ఇచ్చిన నెలలో కార్డుకు ఒక్క కిలో. రోజుకు మనిషికి 50 గ్రాముల పప్పు వేసుకున్నా అదే ఇంటికి ఆరు కిలోలు కావాలి. కంది, పెసర, మినుము పండించే మండలాలివి. ఇక్కడి రైతు దగ్గరే మద్దతు ధరకు కొని, ఇక్కడి కార్డులకే మూడు కిలోలైనా ఇవ్వడం ప్రభుత్వానికి సాధ్యం కాని పని కాదు. అది జరిగేలోగా ఇంట్లోవాళ్లు చేయగలిగింది ఒకటుంది: కూర దించగానే ఆమె వాటా వేరే గిన్నెలోకి తీసి మూతపెట్టాలి.