మడమ వెనుక బొడిపె: కాలి తప్పా, బూటు తప్పా?



ఈ నెల మన శీర్షికలో పాదములను గూర్చి, ముఖ్యముగా మడమను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి. ఇది చిన్న సంగతి గదా అని కొందరు అనుకొనవచ్చును. అయితే మన పల్లె సంఘములలోని అనేక కుటుంబముల పిల్లలు నేడు హైదరాబాదులో మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో కాపురముంటున్నారు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి గారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటికి ఆ చుట్టుప్రక్కల రాళ్ల గుట్టలే ఎక్కువ. నేడు అక్కడ అపార్టుమెంట్లు వరుసలుగా లేచినవి. సాయంకాలమైతే వాటి ఆవరణలలో పిల్లలు చక్రాల బూట్లు తొడుగుకొని స్కేటింగు నేర్చుకొనుచున్నారు. బాగుగా నేర్చినవారిలో కొందరు ఆ చక్రాల మీదనే కర్ర పట్టి హాకీ కూడ ఆడుదురు.

వేసవి సెలవులకు ఆ మనుమలు ఊరికి వచ్చినప్పుడు, మడమ వెనుక గట్టిగా లేచిన బొడిపెను చూచి నానమ్మలు, అమ్మమ్మలు భయపడుట సహజము. "ఇది కణితియా? ఎముక పెరిగినదా? ఆట మాన్పించవలెనా?" అని అడుగుదురు.

ముందుగా ఆట సంగతి చెప్పెదము. స్కేటింగు చెడ్డ ఆట కాదు. హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామ 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో స్కేటింగులో రెండు కాంస్య పతకములు సంపాదించెను. 2015 సంవత్సరపు అర్జున అవార్డు కూడ అతనికి లభించెను. కాబట్టి ఆట మాన్పించుమని మేము చెప్పుట లేదు. బూటును సరిచూడుడని మాత్రమే చెప్పుచున్నాము.

ఆ బొడిపె ఎట్లు వచ్చును? పిక్క నుండి దిగివచ్చు బలమైన స్నాయువు మడమ ఎముక వెనుక భాగమున అంటుకొనియుండును. ఆ ఎముకకు, స్నాయువునకు మధ్య రాపిడి తగ్గించుటకు పలుచని ద్రవముతో నిండిన చిన్న సంచి ఒకటి ఉన్నది. గట్టి బూటు వెనుక అంచు అదే చోట మాటిమాటికి రాచుకొన్నయెడల మొదట చర్మము ఎర్రబడును. తరువాత బొబ్బ లేచును. అప్పటికిని మానకపోతే చర్మము మందమగును, లోపలి సంచి వాచును, ఆ చోట ఎముక కూడ గట్టి బొడిపెగా కనబడును. స్వీడన్ దేశపు ఎముకల వైద్యుడు పాట్రిక్ హాగ్లండ్ 1920ల చివరలో దీనిని వివరించి వ్రాసినందున వైద్యులు నేటికిని దీనిని ఆయన పేరుతోనే పిలుచుచున్నారు. మంచు మీద హాకీ ఆడు దేశములలోనైతే ఆటగాండ్రు ఒక స్కేట్ల కంపెనీ పేరు పెట్టి దీనిని 'బాయర్ బంప్' అందురు. అక్కడ ఇది అంత మామూలు. పుట్టుకతోనే మడమ ఎముక కొంచెము ఎత్తుగా ఉన్నవారికి, అరికాలి వంపు ఎక్కువగా ఉన్నవారికి, పిక్క బిగుసుకొని ఉన్నవారికి ఇది త్వరగా వచ్చును.

హాకీ స్కేటు మామూలు బూటు వలె వంగదు. చీలమండను కాపాడుటకు దానిని డిప్ప వలె గట్టిగా చేయుదురు. అందులో పాదము కదలకుండ కూర్చుంటే మేలే. మడమ పైకి క్రిందికి జారినయెడల ఆ గట్టి గోడ ఆకురాయి వలె చర్మమును రాయును. మడమ ఎందుకు జారును? ఎక్కువగా బూటు పెద్దదగుట వలననే. పిల్లలు ఎదుగుచున్నారు గదా, వచ్చే సంవత్సరమునకు కూడ పనికివచ్చునని తలిదండ్రులు ఒకటి రెండు సైజులు పెద్దది కొందురు. బడి బట్టలకు మనము అట్లే చేయుదుము, దానిలో తప్పు లేదు. పెద్ద చొక్కా వ్రేలాడును గాని ఒంటిని గాయపరచదు. స్కేటు విషయములో మాత్రము ఆ పొదుపు చెల్లదు. నాలుగు రూపాయలు మిగులునని చూచుకొంటే బిడ్డ మడమ మీద ఆ బొడిపె ఏండ్ల తరబడి మిగిలిపోవును.

ఇందును గూర్చి డాక్టర్ పాల్ బ్రాండ్ గారి సంగతి చెప్పదగినది. ఆయన 1946 నుండి వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసి, కుష్ఠు రోగుల చేతులను, పాదములను అనేక సంవత్సరములు పరిశీలించిరి. పాదము ఒక్క పెద్ద దెబ్బతోనే పాడగునని మనమనుకొందుము. చిన్న ఒత్తిడియే ఒకే చోట వేలసార్లు పడిన యెడల పుండగునని ఆయన చూపిరి. స్పర్శ ఉన్నవానికి అచ్చట నొప్పి పుట్టును, వాడు నడక మార్చుకొనును, లేక కూర్చుండును. స్పర్శ లేనివాడు నడచుచునే ఉండును. నొప్పి మనకు కావలివాడని ఆయన జీవితమంతయు బోధించిరి. కనుక బిడ్డ "మడమ నొప్పి" అన్నప్పుడు "ఓర్చుకో, అలవాటగును" అనకుడి. కావలివాడు కేక వేసినప్పుడు లేచి చూడవలెను.

కొనునప్పుడు చూడవలసినవి ఇవి. పాదములు సాయంకాలమునకు కొంచెము ఉబ్బును గనుక ఆ వేళ దుకాణమునకు వెళ్లుడి. ఆటలో వేసుకొను మేజోళ్లతోనే తొడిగించుడి. నిటారుగా నిలుచున్నప్పుడు కాలివ్రేళ్లు ముందు అంచును తాకీ తాకనట్లు ఉండవలెను. మోకాళ్లు ముందుకు వంచినప్పుడు వ్రేళ్లు కొంచెము వెనుకకు జరుగవలెను. అట్లు వంగినప్పుడు మడమ లేవకూడదు. మడమ లేచినయెడల బూటు ఎంత చవకైనను వద్దనుడి. ఇతరులు వాడిన బూటు వారి పాదపు రూపమును పట్టుకొనియుండును గనుక దానిని మరింత జాగ్రత్తగా చూడుడి. తాడు కట్టుటకు ముందు మడమను నేలకు రెండుసార్లు తట్టి వెనుకకు కూర్చుండబెట్టవలెను. తరువాత చీలమండ దగ్గర బిగువుగా కట్టవలెను. మరీ పైన విపరీతముగా బిగించినయెడల పాదము ముందు వైపు నరములు నలిగి నొప్పి పుట్టును. చీలమండ ఎముక మీద రాపిడి వలన నీరు చేరిన వాపు కూడ రావచ్చును.

ఇప్పటికే బొడిపె వచ్చినదా? కొన్ని దినములు ఆ బూటు ప్రక్కన పెట్టుడి. మడమ వెనుక పట్టీ లేని చెప్పులు తొడుగనిండి. ఐసు ముక్కలను గుడ్డలో చుట్టి 15 నిమిషములు పెట్టుడి, వట్టి చర్మము మీద పెట్టకుడి. గోడకు చేతులు ఆనించి, ఒక కాలు వెనుకకు చాచి, మడమ నేలకు ఆనునట్లు పిక్కను మెల్లగా సాగదీయుట మంచిది, నొప్పి పుట్టునంతగా కాదు. మరల ఆటకు వెళ్లునప్పుడు మెత్తని దళసరి పట్టీని నడుమ రంధ్రము చేసి, బొడిపె ఆ రంధ్రములో ఉండునట్లు అంటించినయెడల రాపిడి తగ్గును. బూటులో మడమ క్రింద చిన్న మెత్త పెట్టుట కొందరికి మేలు చేయును, అయితే దాని వలన మడమ జారకుండ చూడవలెను. అనేక హాకీ స్కేట్లను వేడిచేసి పాదపు రూపమునకు సరిచేయవచ్చును. బొడిపె తగులు చోట బూటును లోపలి నుండి ఉబ్బించుట కూడ సాధ్యమే. లేచిన ఎముక తరిగిపోకపోవచ్చును, కాని రాపిడి ఆగితే వాపును నొప్పియు ఎక్కువమందికి తగ్గును. శస్త్రచికిత్స అన్నిటికి చివరి మాట.

బ్లేడుతో చెక్కకుడి, బొబ్బను పొడువకుడి, బొడిపెను సున్నముతో గాని పసరుతో గాని కాల్చకుడి. ఎనిమిది నుండి పదునాలుగేండ్ల పిల్లలకు మడమలో ఎముక పెరుగు చోట కూడ నొప్పి రావచ్చును. అది వేరు, బూటు వేసుకొనకపోయినను పరుగెత్తినప్పుడు బాధించును. దానికి విశ్రాంతియే ముఖ్యము.

స్కేట్లు మా ఇంట లేవు గదా అని అనుకొనువారికి ఒక మాట. ఆ సైబరాబాదు భవనముల ద్వారముల దగ్గర కావలి కాయు యువకులలో మన ఊళ్ల బిడ్డలు ఎందరో ఉన్నారు. గట్టి తోలు బూట్లు తొడిగి గంటల తరబడి నిలుచుందురు. ఇచ్చిన బూటు సైజు కుదరకపోయినను అడుగుటకు మొగమాటపడుదురు. వారి మడమకు జరుగునదియు ఇదే. ఫోనులో మాటలాడునప్పుడు "అన్నము తింటివా?" అని అడుగు తలిదండ్రులు "బూటు కాలికి సరిపోయినదా?" అని కూడ అడుగవలెనని మా మనవి. సైజు మార్చి ఇమ్మని అడుగుట సిగ్గుపడవలసిన పని కాదు. తోలు బూటు వెనుక అంచును మెత్తపరచుటకు చెప్పులు కుట్టువారు సహాయము చేయగలరు.

కొన్ని గుర్తులు కనబడితే ఆలస్యము చేయక వైద్యుని యొద్దకు వెళ్లవలెను. మడమ వేడిగా ఎర్రబడి చీము పట్టుట, జ్వరము వచ్చుట, రాత్రి నిద్రలో కూడ నొప్పి ఉండుట, మునివ్రేళ్ల మీద నిలువలేకపోవుట, హఠాత్తుగా ఏదో తెగినట్లు అనిపించుట, రెండు మూడు వారముల విశ్రాంతి తరువాతయు కుంటుట అట్టివి. చక్కెర వ్యాధి ఉన్న పెద్దలు మరి జాగ్రత్తగా ఉండవలెను. వారి పాదములలో స్పర్శ తగ్గుట వలన కావలివాడు కేక వేయడు. వారు ప్రతి రాత్రి పడుకొనుటకు ముందు దీపపు వెలుగులో రెండు మడమలను, అరికాళ్లను చూచుకొనవలెను. తాము చూచుకొనలేకపోతే ఇంటివారు చూడవలెను.

ఈ సెలవులలో మనుమలు ఊరికి వచ్చినప్పుడు వారి మడమలు ఒకసారి చేతితో తడిమి చూడుడి. బొడిపె ఉన్నయెడల బిడ్డను కోప్పడకుడి, ఆటను నిందింపకుడి. ఆ బూటు తెమ్మని, తొడిగించి, మోకాళ్లు వంచమనుడి. మడమ లేచినదా? ఇక ఆ బూటును మార్చవలసినదే.