కన్యకల కూటమికి గది తాళము

కళాశాలకు బోవుటయే చాలదా, ఆడపిల్లలకు మరల సంఘమొకటి యెందుకని యడుగు పెద్దలు మన అమరచింత సీమలో నింకను గలరు. అది అమెరికా వేషమని వారి యాక్షేపణ.

ఆ వేషము చరిత్ర యెట్టిదో చూతము. 1851లో జార్జియాలోని మేకన్ పట్టణమున, వెస్లియన్ స్త్రీ కళాశాలలో విద్యార్థినులు అడెల్ఫియన్ సమాజమును స్థాపించిరి. అట్టి సోదరీ సమాజములకే అచ్చట సొరోరిటీలని పేరు. వానిలో రహస్యవ్రతములును, కొందరినే యెంచి చేర్చుకొనుటయు గలవు. నల్లజాతి యువతులకు పెక్కింటి ద్వారములు చిరకాలము మూయబడియుండెను. ఆ యువతులు హోవర్డు విశ్వవిద్యాలయమున 1908లో ఆల్ఫా కప్పా ఆల్ఫాను, 1913లో డెల్టా సిగ్మా తీటాను దామే నెలకొల్పుకొనిరి. ఈ రెండవ సమాజమువారు పుట్టిన రెండు నెలలకే, 1913 మార్చి 3వ తేదీన, స్త్రీల వోటుహక్కునకై వాషింగ్టను వీధులలో నడచిరి. ఇది వేషమా?

మన యింటి మాటకు వత్తము. 1928లో మాడపాటి హనుమంతరావుగారి పూనికతో హైదరాబాదున తెలుగు బాలికల పాఠశాల వెలసెను. బోధనభాష తెలుగగుటచే ఉస్మానియావారు గుర్తింపు నీయరైరి. రాజధానిలో మాతృభాషకు చోటులేక, కార్వేగారి మహిళా విశ్వవిద్యాలయము నాశ్రయింపవలసివచ్చెను! 1935లో ఆంధ్ర యువతీమండలి పుట్టెను. ఎల్లాప్రగడ సీతాకుమారి, ఇల్లిందల సరస్వతీదేవి ప్రభృతులు దానికై పాటుపడిరి. ఈ సరస్వతీదేవిగారే 1982లో సాహిత్య అకాడమీ బహుమాన మందుకొనిరి. మండలి కళాశాల గోడల నడుమ పుట్టినది కాదు, నిజమే. కాని స్త్రీలు తమ సంఘమును దామే నడుపుకొనగలరని చూపినది.

గద్వాలను మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మగారు ఏలిరి. ఆమె పేరనే యచ్చట కళాశాల గలదు. రాణికి తలవంచిన తాతల మనుమలు, పదిమంది విద్యార్థినులు తమ కార్యదర్శిని దామెన్నుకొనుటకు జంకుట వింతగా నున్నది.

వార్షికోత్సవమునాడు పూలదండలు పట్టుకొని నిలుచు మహిళా విభాగమును మేము కోరుటలేదు. చదువు నడుమ పెండ్లి కుదిరి యొక బాలిక పేరు హాజరుపట్టీనుండి కొట్టివేయబడిననాడు, ఆమె యింటికి బోయి తలిదండ్రులతో మాటాడు తోటి విద్యార్థిను లుండవలదా? ఒక గది, ఒక పుస్తకముల బీరువా, తమ చేతి లెక్కలు: ఇంతియే వలయును. కులము గాని రూక గాని యడుగక, కోరిన ప్రతి బాలికను జేర్చుకొనవలెను. అమెరికావారి వడపోత మనకు వలదు. అధ్యాపకులు సలహా చెప్పవచ్చును, పీఠమెక్కరాదు.

వనపర్తి, గద్వాల కళాశాలల యధికారులు వచ్చు విద్యాసంవత్సరారంభమున ఆ గది తాళము నెవరి చేతికిత్తురో చూతము.